రొదలో మాట

కొత్తగూడెము దాటి భద్రాచలము పోవు దారిలో అడవి దట్టమైన కొలది చేతిలోని ఎఫ్.ఎం. రేడియో కంఠము మారుచుండును. అడుగు ఇటు వేసిన స్పష్టము, అటు వేసిన గరగర. స్టేషను నుండి బయలుదేరిన తరంగము సూటిగా కొంత, గుట్టకు తగిలి కొంత, మానులను రాసికొని కొంత, వేరు వేరు క్షణములలో ఏరియలును చేరుటయే ఇందుకు కారణము. అవి తోడైనచో సంకేతము హెచ్చును, ఎదురైనచో అణగును. ఇంజనీర్లు చిరకాలము దీనిని పీడగనే ఎంచిరి.

రొదలోనుండి మాటను పోల్చుకొను విద్యకు పునాది వేసినవారిలో ఇద్దరు తెలుగువారున్నారు. ఇరువురును గణాంకశాస్త్రజ్ఞులే గాని రేడియో పనివారు కారు. 1920లో హడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, మన ఖమ్మమునకు పొరుగుననున్న నందిగామ, విశాఖపట్నములలో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1945లో కలకత్తాలో ఒక వ్యాసము ప్రకటించిరి. కొలతలలో పొరపాటు కలిసియున్నపుడు, పక్షపాతములేని ఏ అంచనాయైనను ఇంతకు మించి నికరము కాజాలదని అందు ఒక హద్దు గీసిరి. స్వీడను దేశీయుడైన క్రామర్ వేరుగా దీనిని కనుగొనుటచే అది ఇరువురి పేరను వెలసినది. తరంగము ఏ దిక్కునుండి వచ్చినదో అంచనా వేయు ఇంజనీరు నేటికిని తన పద్ధతిని ఆ హద్దుతో సరిచూచుకొనును.

రావుగారి సహచరులు, పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయాచార్యులు పి.ఆర్. కృష్ణయ్యగారు. అనేక ఏరియళ్ళు ఒక్కచో నిలిపినపుడు వినవచ్చు మొత్తములో నిజమైన సంకేతములెన్ని? శ్రీరామనవమినాడు భద్రాద్రి జనసమ్మర్దములో కన్నులు మూసికొని, ఎందరు పలుకుచున్నారో లెక్కించుట వంటి పని ఇది. రొద అన్ని వైపుల సమానముగ పరచుకొనును. సంకేతము దానిపై తల యెత్తును. తలలను ఎక్కువ లెక్కించినవానికి జరిమానా విధించు కొలత నొకదానిని కృష్ణయ్యగారు 1986లో ఝావో, బాయ్ అను చైనా గణితజ్ఞులతో కలిసి పరిశీలించి, నమూనాలు పెరిగిన కొలది లెక్క నిజమునే చేరునని నిరూపించిరి. మరుసటి సంవత్సరమే వారు కీర్తిశేషులైరి.

లెక్క తేలిన పిమ్మట విడదీయుట. పొల్లాచ్చిలో పుట్టి మన నౌకాదళమున పనిచేసిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, థామస్ కైలాత్‌తో కూడి 1992లో పేటెంటు కోరిన ఆలోచన పీడను ఉపకారముగ మార్చినది. ఒకే తరంగదైర్ఘ్యముపై పలు ఏరియళ్ళు పలు వార్తలు పంపవచ్చును. దారులు చెదరియుండుటయే వానిని విడదీయుటకు ఆధారము. కాని పని సులభము కాదు. 4 ఏరియళ్ళు, ఒక్కొక్కదానికి 16 రూపములైన, అన్నిటిని సరిపోల్చుటకు 65,536 పరీక్షలు. అందుచే 1998లో బెల్ ప్రయోగశాలవారు చూపిన పద్ధతిలో, అన్నిటికంటె తేటగా వినవచ్చుదానిని మొదట గుర్తించి, మొత్తమునుండి తీసివేసి, మిగిలినదానిని విందురు. మొదటిది తప్పినచో తక్కినవియు తప్పును. ఇది దాని బలహీనత.

అడవి చెదరగొట్టుట మేలే గాని మ్రింగుట మేలు కాదు. తడిసిన ఆకులు తరంగమును దారిలోనే నీరసింపజేయును. చేరని మాటను ఏ గణితమును పోల్చజాలదు. చర్ల దారిన టేకు ఆకు రాలిన వేసవిలో అదే రేడియో అదేచోట ఎట్లు పలుకునో విని చూడవచ్చును.