తప్పు పట్టే పన్నెండో అంకె

చౌటుప్పల్‌లో మీసేవ కౌంటరు ముందు కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "ఆధార్ నంబరు తప్పు పడ్డది పెద్దమ్మా, కార్డు మళ్లొకసారి ఇయ్యి." పక్కపక్క అంకెలు రెండు తారుమారయ్యాయి, అంతే. ఏ రికార్డునూ తెరవకుండానే ఆ తప్పు పట్టేయవచ్చు. ఎలాగంటారా?

ఈ చిక్కు వెబ్ కన్నా పాతది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్, నంబరు చివర ఒక కాపలా అంకెను నిలబెట్టే ఉపాయానికి 1954లో పేటెంటు కోరాడు. బ్యాంకు కార్డుల మీద ఇప్పటికీ ఉన్నది అదే. అయితే 09ని 90 అని కొడితే ఆ కాపలాదారు నిద్రపోతాడు. పోనీ అంకెలతో కట్టిన మొత్తాన్ని 11తో భాగిద్దామా అంటే, ఒక్కోసారి పది మిగులుతుంది; రాయడానికి అంకె ఉండదు. పాత పుస్తకాల ఐఎస్‌బీఎన్ చివర 'ఎక్స్' కనిపించేది అందుకే. పది అంకెలతోనే ఇలాంటి తప్పులన్నీ పట్టడం కుదరదని అప్పటి నమ్మకం.

నెదర్లాండ్స్ గణితజ్ఞుడు యాకోబస్ వెర్హూఫ్ ముందు లెక్కలు చేయలేదు, మనుషుల పొరపాట్లు చూశాడు. తపాలా శాఖ కాగితాల్లో తప్పులను ఏరితే, వందలో 79 ఒక్క అంకె మారినవే. పక్క అంకెలు తారుమారైనవి సుమారు పది. కూడికకు వరుస పట్టదు: మూడూ ఎనిమిదీ అన్నా, ఎనిమిదీ మూడూ అన్నా ఒకటే. వరుస పట్టే లెక్క కావాలి. అది అన్ని వైపులా సమానంగా ఉండే ఐదు మూలల ఆకారంలో దొరికింది. అట్టముక్కను అలా కత్తిరించి చూడండి: తిప్పి బోర్లిస్తే ఒకలా, బోర్లించి తిప్పితే మరోలా నిలుస్తుంది. దాన్ని ఉంచగల తీర్లు సరిగ్గా పది, అంకెకొకటి! స్థానాన్ని బట్టి అంకెలను మార్చే పట్టికను దానికి జోడించి, 1969లో పుస్తకం వేశాడు.

నలభై ఏళ్లు దాటాక, 2010లో, ఆధార్ పన్నెండో అంకెగా అది మన జేబుల్లోకి వచ్చింది. ఈలోగా 1995లో ప్రోగ్రామర్ బ్రెండన్ ఐక్ పది రోజుల్లో అల్లిన జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాష వల్ల, వెబ్ ఫారం సర్వర్ దాకా పోకముందే బ్రౌజర్‌లోనే తనిఖీ వీలైంది. ఆ తనిఖీని దాటేయడం మాత్రం తేలిక. అడ్రస్ పట్టీలో నంబరు మార్చి పంపినా చాలు. కనుక సర్వర్ మళ్లీ చూడాల్సిందే. పెద్దమ్మ పొరపాటున పక్కింటివాళ్ల కార్డు ఇస్తే వెర్హూఫ్ అంకె ఏమీ అనదు, అన్నీ సరిగానే ఉన్నాయంటుంది.