హర్కత్‌లో బర్కత్

మా హాల్లో గోడకి కాబా షరీఫ్ తస్వీర్ ఒకటుంది. కాబా నల్లగా, తేటగా కనిపిస్తుంది. చుట్టూ తవాఫ్ చేసే హాజీలు మాత్రం కవ్వం పెట్టి తిప్పిన మజ్జిగలా తెల్లటి సుడి అయిపోయారు. మొన్న మా చిన్నది అడిగింది: "అబ్బా, ఇందులో మనుషులేరీ?"

ఉన్నారు బేటీ. నడుస్తున్నారు, అంతే.

షట్టర్ అంటే కెమెరా లోపలి తలుపు. సెకనులో వెయ్యోవంతు మాత్రమే తెరిచి మూస్తే పరుగెత్తే గుర్రం కూడా గాల్లో ఆగిపోతుంది. రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచితే నిలబడ్డది నిలుస్తుంది, కదిలింది చెదురుతుంది. నిమిషాల తరబడి తెరిస్తే కదిలేవాళ్లు జాడ లేకుండా పోతారు.

ఫోటోల తారీఖ్ మొదలైందే అలా. 1838లో డాగేర్ పారిస్‌లో ఒక పెద్ద వీధిని తీశాడు. పలక మీద బొమ్మ పడటానికి కొన్ని నిమిషాలు పట్టింది. బండ్లు, జనం అన్నీ మాయం. ఒక మూల బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ మనిషి మిగిలాడు.

1861లో ఈజిప్టు ఫౌజీ ఇంజనీర్ ముహమ్మద్ సాదిక్ బే మదీనా మునవ్వరాను తొలిసారి ఫోటో తీశారు. గాజు పలకకి పూసిన మందు తడి ఆరకముందే తీయాలి, కడగాలి. అదీ అరేబియా ఎండలో! 1880లో హజ్ కాఫిలాకు ఖజాంచీగా వెళ్లి మక్కాను కూడా తీశారు. గుంబద్‌లు, మినార్లు కదలవు కాబట్టి ఆ పలకలకు లొంగాయి. నడిచే మనుషులు అంత తేలిగ్గా లొంగరు.

1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరుసగా పెట్టి, పరుగెత్తే గుర్రాన్ని పట్టుకున్నాడు. నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదిలే లమ్హా ఉందని, అప్పుడవి పొట్ట కిందికి ముడుచుకుంటాయని అప్పుడు తేలింది. అప్పటిదాకా ముసవ్విర్లు గుర్రాన్ని కాళ్లు బార్లా చాపినట్టు గీసేవాళ్లు.

నా సబక్ కడప పెద్ద దర్గా ఉర్సులో అయింది. రాత్రి గంధం ఊరేగింపు. షట్టర్ 500వ వంతు పెడితే వెలుగు చాలక ఫోటో అంతా నలుపు. 4వ వంతుకు దించితే ఫకీర్లంతా పొగ. చివరికి 30వ వంతు పెట్టి, జెండా మోసే ఆయన నడకతోపాటే కెమెరాను తిప్పుతూ నొక్కాను. ముఖం తేటగా వచ్చింది, వెనక దీపాలు గీతలయ్యాయి. కదిలేవాడి ముఖం కావాలంటే మనమూ అతనితో కదలాలి.

మా నానా జట్కా తోలేవారు. ఆయన ఫోటో ఒక్కటీ మాకు లేదు. ఒక పాత బజారు ఫోటో మాత్రం చూశాను. అరుగుల మీద కూర్చున్న సేట్లు స్పష్టంగా ఉన్నారు. నడివీధిలో మసక, అందులో సగం చక్రం. అది మా నానా అని దావా చేయను. ఎవరో ఒకరి నానా అని మాత్రం యకీన్‌గా చెప్తాను.

"మీ తాతల ఆనవాళ్లేవి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆనవాలు లేకపోతే మనిషే లేడనుకుంటారు. అరుగు మీద కూర్చునే తీరిక ఉన్నవాడు పలక మీద మిగిలాడు. రిజ్క్ కోసం పొద్దంతా తిరిగినవాడు మసకయ్యాడు. ఫోటోలో వీధి ఖాళీగా ఉందంటే, వీధి ఖాళీగా ఉండేదని కాదు.

హర్కత్ మే బర్కత్ అంటారు మన పెద్దలు. అందుకే మా చిన్నదాన్ని మళ్లీ ఆ తస్వీర్ ముందు నిలబెట్టి చెప్పాను: ఆ తెలుపంతా మనుషులే బేటీ.