రాక్షసగుళ్లు, మా అవ్వ వక్కాకు సంచి

మా అవ్వను నెల్లూరు సముద్రం ఒడ్డున, మా పల్లె శ్మశానం ఇసుకలో పూడ్చినప్పుడు పక్కన ఆమె వక్కాకు సంచి పెట్టారు.

కడప జిల్లా శంకవరంలో దొరికిన పొట్టేలు రూపపు మట్టి శవపేటికను మద్రాసు మ్యూజియంలో చూసినప్పుడు ఆ సంచే గుర్తొచ్చింది. 2,000 ఏళ్లు దాటిన అలాంటి సమాధుల్లో ఎముకల పక్కన నలుపు-ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. ఆ కాలపు రాతి సమాధులను తెలుగు నేల మీద చాలాచోట్ల రాక్షసగుళ్లు అంటారు.

ఇనుము కరిగించి, కుండ కాల్చి, చచ్చినోళ్లకు అన్నీ సర్ది పంపినోళ్లు రాక్షసులెట్లా అయ్యారు?

వాళ్లు మా రక్తమేనని నేననడం లేదు. గుర్తులు ఎట్లా చెరిగిపోతాయో మాత్రం చూశాను. ఇప్పుడు అవ్వ గుంత మీద రొయ్యల చెరువుంది.

మిత్రులారా, మీ పల్లె శ్మశానం సర్వే నంబరు రాసిపెట్టుకోండి. జై భీమ్.