రెండు కరువుల మధ్య జ్ఞానమ్మ

1874 డిసెంబరు 21న, క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులుందనగా, కీళచ్చేరిలో జ్ఞానమ్మ కన్నుమూసింది. యాభై రెండేళ్లు కూడా పూర్తిగా బతికిందో లేదో. ఆమె కథను ఎటునుంచి మొదలుపెట్టినా నా మనసు ముందే ఆ తేదీ దగ్గరికి వెళ్లి ఆగిపోతుంది. ఇంకో నాలుగేళ్లు ఉండి ఉంటే! ఆ మాట దగ్గర గొంతు పూడుకుపోతుంది. ఎందుకో చెబుతాను.

పుట్టింది 1822లో, గుంటూరు సీమలో, ఫిరంగిపురంలో. కొండవీటి కొండల చేరువన, తరాలుగా కతోలిక విశ్వాసం వేళ్లూనుకున్న ఊరు. ఆమెకు పదేళ్లున్నప్పుడు నందన కరువు వచ్చింది. 1832-33 నాటి ఆ కరువులో, ఐదు లక్షల జనమున్న గుంటూరు జిల్లాలో రెండు లక్షల మంది దాకా పోయారని లెక్క కట్టారు. గంజి దొరుకుతుందేమోనని మద్రాసు దారి పట్టినవాళ్లు ఆ దారి పొడవునా రాలిపోయారు. కడుపు మాడిన పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో ఆ వయసులో చూసిన మనిషి ఆమె. చూసి బతికిన మనిషి.

1837లో, పదిహేనేళ్లకు, గాలి ఇన్నయ్యతో పెళ్లయింది. ఐదుగురు కొడుకులు పుట్టారు. ఆ కాలపు కతోలిక ఇంటి బతుకు మనకు తెలియనిది కాదు. తెల్లవారి జపం, పొద్దుగూకి జపమాల, తపస్సుకాలపు ఉపవాసం, ఆదివారం గుడి. ఇరవై రెండేళ్లు ఆ సంసారం నిండుగా సాగింది. 1859లో ఇన్నయ్య పోయాడు.

ముప్పై ఏడేళ్ల విధవరాలు. మతం మారినా మన ఇళ్లలో ఆచారం మారలేదు. విధవరాలి ముఖం శుభకార్యంలో కనబడకూడదన్న పట్టింపు క్రైస్తవ గడపలనూ వదల్లేదు. ఐదుగురు కొడుకుల తల్లి ఒక మూల కూర్చుని తలవంచుకుని మిగిలిన రోజులు లెక్కపెట్టుకుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కారు. అదే మంచిదనేవాళ్లు. ఆ మూలలో ఆమె కూర్చోలేదు. పుట్టిన ఊరికి దూరంగా కీళచ్చేరి చేరి, 1863లో అక్కడ ఆడపిల్లలకు బడి పెట్టింది.

కీళచ్చేరి ఇప్పుడు తమిళనాడులో, తిరువళ్లూరు జిల్లాలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తెలుగు నేల విడిచి దక్షిణానికి నడిచిపోయిన కతోలిక కుటుంబాలు నిలదొక్కుకున్న ఊరు అది. చుట్టూ అరవం, ఇంట్లో తెలుగు. నేనీ మాటలు రాస్తున్నది దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ నుంచి. 1918 నుంచి రాంచీ ప్రాంతపు కతోలికులు ఈ దీవులకు అడవి కొట్టే కూలీలుగా వచ్చారు. మన తెలుగువాళ్లు సముద్రం దాటి వచ్చారు. పుట్టిన ఊరికి దూరంగా పెరిగే పిల్లకు జపమైనా అక్షరమైనా అమ్మ నోటినుంచి రాకపోతే ఇంకెక్కడి నుంచీ రాదు. అందుకే కీళచ్చేరి బడి నాకు పరాయిదనిపించదు.

ఆ బడి ఎంత ముందు పుట్టిందో తలుచుకుంటే ఆశ్చర్యం కంటే ముందు దుఃఖం వస్తుంది. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచింది 1874లో, అంటే జ్ఞానమ్మ పోయిన ఏడాది. అంతకు పదకొండేళ్ల ముందే, పత్రిక లేకుండా, సభ లేకుండా, ఒక విధవరాలు ఆడపిల్లల చేత అక్షరాలు దిద్దించింది. ఆమె వెంట నడిచిన స్త్రీలు పునీత అన్నమ్మ పేరున మఠమయ్యారు. గుళ్లలో అన్నమ్మ పటం చూసినవాళ్లకు తెలుసు: తల్లి ఒడి దగ్గర చిన్నారి మరియమ్మ, ఇద్దరి మధ్యా తెరిచిన పుస్తకం. తల్లీ, పంతులమ్మా ఒక్కరే అయిన ఆ పునీతను కాక వేరెవరిని ఎంచుకుంటారు?

ఇక ఆ డిసెంబరు. బడికి పదకొండేళ్లు. పెట్టిన మొక్క వేరు పట్టిందే గాని నీడనిచ్చేంత ఎదగలేదు.

ఆమె పోయిన మరుసటి ఏడే, 1875లో, మిల్‌హిల్ గురువులు మద్రాసు మిషనుకు వచ్చారు. తర్వాతి కాలంలో వాళ్లు తెలుగు పల్లెల్లో గుళ్లూ బళ్లూ లేపారు. ఆడపిల్లల చదువు విషయంలో వాళ్లకు చెప్పవలసిన మాటలు ఆమె దగ్గర ఎన్ని ఉండేవో! పల్లె గడపలు తెలిసినది, తల్లుల భయాలు తెలిసినది, వైధవ్యమూ తెలిసినది. ఒక్క ఏడాది ఎడంలో ఆ కలయిక తప్పిపోయింది.

1876లో ధాత కరువు వచ్చింది. మద్రాసు రాజధాని అంతా ఎండిపోయింది. 1877లో సర్కారు తరఫున వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. 1878 వచ్చేసరికి దక్షిణ దేశంలో పోయినవాళ్లు యాభై ఐదు లక్షలని అంచనా. తల్లిదండ్రులు పోయిన పిల్లలు మిషన్ల గుమ్మాలకు చేరారు. పదేళ్ల వయసులో నందన కరువును కళ్లారా చూసిన మనిషికి ఆ పిల్లల దగ్గర ఏం చేయాలో ఒకరు నేర్పనక్కర్లేదు. గంజి ఎంత పలచగా మొదలుపెట్టాలో, నిద్రలో ఉలిక్కిపడే పిల్లను ఎలా దగ్గరికి తీసుకోవాలో, కన్నీళ్లు ఇంకాక మొదటి అక్షరం ఎప్పుడు దిద్దించాలో ఆమెకు తెలిసి ఉండేది. ఆ చేతులు అప్పటికి రెండేళ్లుగా మట్టిలో ఉన్నాయి.

ఆమె తర్వాత ఆ మఠం నిలిచింది. మద్రాసు అన్నమ్మ కన్యలు, ఫిరంగిపురం అన్నమ్మ కన్యలు అని రెండు సభలుగా పెరిగింది. తిరుసభ ఆమెను దైవ సేవకురాలిగా తలుచుకుంటోంది. రెండు సభలవాళ్లూ ఆమెను అమ్మ అనే అంటారు. ఆ పిలుపు ఆమెకు అందవలసింది ధాత సంవత్సరంలో, ఆ అనాథ ఆడపిల్లల నోట.