మార్లవాయి నుంచి జీవో 3 దాకా

మన గూడెం బడిలో పాఠం ఎవరు చెప్పాలన్న ప్రశ్న జీవో 3తో పుట్టింది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల స్థితిగతులు చూసి చెప్పమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను కోరింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి మనలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు బహు తక్కువ. మనవాళ్లకే తర్ఫీదు ఇచ్చి బడులు అప్పగించారు. వాచకాలు గోండిలోనే, దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. పంతులు మనవాడు, మాట మనది. మాట తర్వాత బడిలో నిలవలేదు. పంతులు కోసం మళ్లీ అడగాల్సి వచ్చింది.

బయటి సార్లు చాలామంది బడికి సరిగ్గా వచ్చేవారు కాదు. అందుకే 1986లో జీవో 275, 2000 జనవరిలో జీవో 3 వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని జీవో 3ను కొట్టేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలను మాత్రం షరతులతో ఉంచింది. ఇక ముందు వచ్చే ఖాళీల సంగతి? డీఈడీ, బీఈడీ చేసి కూర్చున్న మీ అందరి ప్రశ్న అదే.

బడిలో గోండి వద్దని ఆ తీర్పు అనలేదు. ఒకటో తరగతి పిల్లకు అంకెలు ఇంటి మాటలో చెప్పడానికి జీవో దేనికో మాకు అర్థం కాదు.