సిపాయికి తగిన పని: సైనిక సామర్థ్య పరీక్షల పుట్టుపూర్వోత్తరాలు

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగి నిర్బంధ భర్తీ మొదలుపెట్టిన కొద్ది నెలలకే లక్షలాది రైతులు, కార్మికులు, గుమాస్తాలు శిబిరాలకు చేరడంతో, ఈ రంగరూట్లలో, అంటే కొత్తగా చేరిన సైనికుల్లో, ఎవరిని ఫిరంగిదళానికి పంపాలో, ఎవరిచేత లారీ నడిపించాలో తేల్చడం సైన్యాధికారులకు పెద్ద చిక్కయింది. ఆ చిక్కును విప్పడానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు రెండు వేర్వేరు దారులు తొక్కారు.

మొదటిది రాబర్ట్ యెర్కీస్ దారి. ఆయన నాయకత్వంలోని సంఘం న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్‌లో సమావేశమై, చదవగలిగినవారికి ఆల్ఫా, నిరక్షరాస్యులకూ ఇంగ్లీషు రానివారికీ బీటా అనే సామూహిక పరీక్షలను రూపొందించింది. సుమారు 17 లక్షల మంది వీటిని రాయగా, ఒక్కొక్కరి తెలివికి ఒక్కో అక్షరశ్రేణి దక్కింది. అయితే బీటా బొమ్మల్లో వలలేని టెన్నిస్ కోర్టు, కొమ్ములేని గ్రామఫోను వంటివి చూపి లోపించినదాన్ని గీయమన్నారు. ఆ వస్తువులనే ఎన్నడూ చూడని పేద వలసదారుని అపరిచయాన్ని మందబుద్ధిగా లెక్కించడం ఘోరమైన అన్యాయం. ఈ అంకెల ఆధారంగానే 1923లో కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాతుల తెలివికి హెచ్చుతగ్గులు కట్టి, 1930లో ఆ నిర్ణయాలు నిలవవని తానే ఒప్పుకున్నాడు.

రెండవ దారి వాల్టర్ డిల్ స్కాట్‌ది. ప్రకటనల రంగంలోనూ ఉద్యోగుల ఎంపికలోనూ అనుభవమున్న ఆయన, మనిషికి తెలివి ఎంత అన్నదానికంటే అతడు ఏ పని చేయగలడన్నదే సైన్యానికి కావాలని భావించి, ప్రతి సైనికుని వృత్తినీ చదువునూ అనుభవాన్నీ నమోదు చేసే అర్హతా పత్రాన్ని ప్రవేశపెట్టడమే కాక, వడ్రంగినని చెప్పుకున్నవాడు నిజంగా వడ్రంగేనా అని ప్రశ్నలతోనూ బొమ్మలతోనూ పని చేయించీ తేల్చే వృత్తి పరీక్షలను కూడా సిద్ధం చేయించాడు. యెర్కీస్ పేరే ఎక్కువగా వినబడుతున్నా, మనిషికి తగిన పని వెదికే పద్ధతికి అసలు పునాది స్కాట్ వేసినదే.

ఇద్దరితోనూ పనిచేసిన వాల్టర్ బింగమ్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యానికి సలహాసంఘ అధ్యక్షుడయ్యాడు. అప్పుడు కోటీ 20 లక్షల మందికి పైగా రాసిన పరీక్షకు 'తెలివి' అనే మాట తగిలించకుండా సాధారణ వర్గీకరణ పరీక్ష అని పేరుపెట్టి, దానికి తోడుగా యంత్రజ్ఞానాన్నీ గుమాస్తా పనినీ తంతి సంకేతాలను పట్టే నేర్పునూ కొలిచే విడి పరీక్షలను చేర్చారు.

1968లో పాఠశాలల్లో మొదలై, 1976 నుంచి అమెరికా సాయుధ దళాలన్నిటికీ ఉమ్మడిగా మారిన ఆస్వాబ్ అనే పరీక్షల సముదాయంలో ఆ రెండు దారులూ కలిశాయి. గణితానికీ భాషకూ చెందిన నాలుగు భాగాల మార్కులు అభ్యర్థికి సైన్యంలో ప్రవేశముందో లేదో నిర్ణయిస్తే, వాటితోపాటు విద్యుత్తు, యంత్రాలు, వాహనాల పరిజ్ఞానం వంటి భాగాలను ఒక్కో కొలువుకు ఒక్కో విధంగా కలిపి లెక్కించిన మార్కులు అతనికి ఏయే పనులు అందుబాటులో ఉంటాయో చెబుతాయి.