సీడీ ప్లేయర్ ధ్వని ఉపకరణాలు

సీడీ ప్లేయరు ధ్వనిని మెరుగుపరచడానికి శ్రోతలు వాడే చౌక వస్తువులు పలు రకాలు: డిస్కు అంచుకు పూసే ఆకుపచ్చ సిరా, డిస్కుపై పరిచే పలుచని రబ్బరు బిళ్ళ, ప్లేయరు కింద ఉంచే రబ్బరు పాదాలు, కటకాన్ని శుభ్రపరిచే డిస్కు, కొత్త వైర్లు మొదలగునవి. వీటిలో కొన్ని మాత్రమే నిజంగా ఉపయోగపడతాయి.

సీడీ పనిచేసే విధానం

సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి రూపొందించిన సీడీ 1982లో జపాను విపణిలోకి వచ్చింది. ఇందులో ధ్వని సెకనుకు 44,100 నమూనాల చొప్పున, ఒక్కొక్కటి 16 బిట్ల సంఖ్యగా నమోదై ఉంటుంది. సర్పిలాకారంలో ఉన్న సూక్ష్మమైన గుంటలను 780 నానోమీటర్ల లేజరు కిరణం చదువుతుంది. గ్రామఫోను రికార్డుపై దుమ్ము పడితే చిటపటలు నేరుగా వినిపించేవి. సీడీలో అలా కాదు. పోయిన బిట్లను దోష సవరణ పద్ధతి తిరిగి లెక్కగడుతుంది. దారి వెంబడి సుమారు 2.5 మి.మీ. మేర చెరిగినా పూర్తిగా సరిచేయగలదు. అంతకు మించితే ఇరుగుపొరుగు నమూనాలను బట్టి ఊహించి పూరిస్తుంది. అదీ చాలకపోతే పాట ఆగడం, గెంతడం జరుగుతుంది.

ఆకుపచ్చ సిరా

1990 ప్రాంతంలో ఈ పద్ధతి ప్రచారం పొందింది. డిస్కు అంచున చెదిరే కాంతిని సిరా పీల్చుకుంటుందని దీని వాదన. ఐతే లేజరు కాంతి పరారుణమైనది. కంటికి ఆకుపచ్చగా కనిపించే సిరా దానిని పీల్చుకుంటుందని చెప్పలేము. సిరా పూయక ముందు, పూసిన తరువాత పాటను కంప్యూటరులోకి ఎక్కించి రెండు ఫైళ్ళను పోల్చితే సంగతి తేలిపోతుంది. బిట్లు ఒకటే అయినప్పుడు సిరా సవరించినది ఏమీ లేదు. పైగా సిరాలోని ద్రావకం డిస్కు పైపూతను పాడుచేయవచ్చు.

ఉపయోగపడేవి

మెత్తని నూలుబట్టతో మధ్య నుండి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత దారి వెంబడి సాగి వరుస బిట్లను చెరుపుతుంది. చాలామంది మెరిసే వైపునే జాగ్రత్తగా చూస్తారు. నిజానికి పేరు ముద్రించిన వైపే సున్నితమైనది. అల్యూమినియం పొర ఆ పూతకు వెంటనే కింద ఉంటుంది, అక్కడ పడిన గీతకు మరమ్మతు లేదు.

కటకంపై దుమ్ము పేరుకుంటే చిన్న కుంచె గల శుభ్రపరిచే డిస్కు పనికివస్తుంది. వైర్ల కొసలకు పట్టిన చిలుమును తుడిస్తే గరగర తగ్గుతుంది. ఒక మీటరు దూరానికి ఖరీదైన వైరు అనవసరం. స్పీకర్లను గోడ మూల నుండి కొంత ముందుకు జరపడం ఖర్చు లేని పని. దాని ప్రభావం మాత్రం స్పష్టంగా వినబడుతుంది.

పాత రికార్డింగులు

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో జన్మించిన రామదాసు కీర్తనలను మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడి ఇంటింటికీ చేర్చారు. అటువంటి పాత టేపు రికార్డింగులను సీడీలకు ఎక్కించినప్పుడు టేపు బుస కూడా వాటితోపాటే వస్తుంది. అది డిస్కులోనే ఉన్నందున ఏ ఉపకరణమూ దానిని తొలగించలేదు.

పరీక్షించే విధానం

వినేవారికి తెలియకుండా మరొకరు ఉపకరణాన్ని అమర్చుతూ, తీస్తూ ఒకే కీర్తనను పలుమార్లు వినిపించాలి. రెండుసార్లూ ధ్వని తీవ్రత సమానంగా ఉండాలి. కొంచెం బిగ్గరగా వినిపించినదే మేలైనదిగా తోస్తుంది. రూపాయి ఖర్చుపెట్టిన చెవికి తేడా వినబడటం కూడా సహజమే.